పటం కింద ఆ నాలుగు ముక్కలూ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో పటాలు ఎక్కువగా వస్తున్నాయి. వరద వస్తే ముంపు పటం, ఎండలు ముదిరితే వేడి పటం, ఎన్నికలొస్తే రంగురంగుల పటం. చూడ్డానికి బాగుంటున్నాయి. ఈ ఉత్తరం వాటి గురించే. తప్పులు పట్టడానికి రాయడం లేదు, ఒక చిన్న కోరిక ఉంది: ప్రతి పటం కిందా అందులోని సమాచారం ఎక్కడిది, ఎప్పటిది, ఎంతవరకు నమ్మొచ్చు అని నాలుగు ముక్కలు వేయమని. అది ఎందుకో చెప్పే ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు.

26 ఏళ్లుగా నేను చేస్తున్నది ఒకటే పని. వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషులు తయారు చేసిన మ్యాపులను ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే మ్యాపుగా చేయడం. దీన్ని జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అంటారు. మా అబ్బాయి చిన్నప్పుడు బళ్లో "మా అమ్మ మ్యాపులకు రంగులేస్తుంది" అని చెప్పి వచ్చాడు. పూర్తిగా తప్పేం కాదు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షన్లో ఇంకా లైట్ టేబుల్ ఉండేది. కింద ట్యూబ్‌లైట్లు, పైన పాలరంగు గాజు. వాగులు ఒక ఫిల్మ్ మీద, రోడ్లు ఇంకో ఫిల్మ్ మీద, నేల రకాలు మరో దాని మీద గీసి ఉండేవి. ప్రతి ఫిల్మ్‌కీ నాలుగు మూలల్లో ప్లస్ గుర్తులు. గుర్తు మీద గుర్తు పడేలా మెల్లగా జరిపి, టేప్ అంటించి, పైన ఖాళీ షీటు వేసి కావలసింది గీసుకునేవాళ్లం. ఫిల్మ్ మీద కాగితం పటం వేసి గీయాల్సి వస్తే మాత్రం చచ్చే చావు. పొద్దున కుదిరిన గుర్తులు మధ్యాహ్నానికి కుదిరేవి కావు. గాలిలో తేమ మారితే కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. మా సీనియర్ ఒకాయన "కాగితం కూడా ఊపిరి పీలుస్తుందమ్మా, దానికి కాస్త టైమివ్వు" అనేవారు.

ఆ టేబుల్‌తో ఒక మేలుండేది. కుదరకపోతే కుదరలేదని కంటికి కనిపించేది. కంప్యూటర్ వచ్చాక కుదరనివి కూడా కుదిరినట్టే కనిపించడం మొదలైంది. నేను దెబ్బ తిన్నది అక్కడే.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఒక నది పక్కన ముంపు అంచనా వేయాలి. నాలుగు చోట్ల నుంచి సమాచారం వచ్చింది. నది గట్టులు పాత కాగితం పటాన్ని స్కాన్ చేసి గీసినవి. నేల ఎత్తులు అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచినవి. ఇళ్లేమో ఫీల్డ్ సిబ్బంది జీపీఎస్ పట్టుకుని గడప గడపకీ తిరిగి తీసిన చుక్కలు. నాలుగోది కుటుంబాల జాబితా, ఎక్సెల్ షీటు. అన్నీ ఒక దగ్గర వేసి చూస్తే 41 ఇళ్లు నది మధ్యలో పడ్డాయి.

నీళ్లలో ఇళ్లుంటాయా? ఉండవు కదా. నది గీత లావుగా, నీలంగా, అచ్చయిన పటం మీద నుంచి వచ్చిన దర్జాతో ఉంది. ఇళ్లేమో మినప గింజంత చుక్కలు. జీపీఎస్‌దే పొరపాటు అనుకున్నాను. మా సాఫ్ట్‌వేర్‌లో స్నాప్ అని ఒక టూల్ ఉంటుంది. ఇంత దూరంలోపు ఉన్న చుక్కలను దగ్గర్లో ఉన్న గీత మీదికి లాగమంటే లాగేస్తుంది. దూరం ఇచ్చాను, క్లిక్ చేశాను. 41 ఇళ్లూ ఒక్కసారిగా ఒడ్డెక్కాయి. పటం ముచ్చటగా ఉంది. మీటింగులో ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు.

మూడు వారాల తర్వాత ఆ చుక్కలు తీసిన కుర్రాడు ఏదో పని మీద ఆఫీసుకొచ్చి నా స్క్రీన్ చూశాడు. "మేడమ్, ఈ ఇళ్లు ఇక్కడ లేవు కదా" అన్నాడు.

"నదిలో పడ్డాయి బాబూ, అందుకే ఒడ్డుకి జరిపాను."

"నది అక్కడ లేదు మేడమ్. ఎప్పుడో పక్కకి జరిగిపోయింది. వాళ్లు కట్టుకున్నదే పాత నది దారిలో."

వెళ్లి అసలు కాగితం తీయించి చూశాను. ఆ పటానికి సర్వే జరిగి 30 ఏళ్లు దాటింది. ఆ సంవత్సరం పటం అంచున చిన్న అక్షరాల్లో ఉంది. స్కాన్ చేసినవాళ్లు అంచులు కత్తిరించేశారు. కత్తిరిస్తేనే పక్కపక్క షీట్లు అతుకుతాయి మరి. వాళ్లను ఏమీ అనలేను, నేనూ ఎన్నో అంచులు కత్తిరించినదాన్నే. కానీ ఆ అంచుతో పాటే ఆ పటం వయసు కూడా చెత్తబుట్టలోకి పోయింది.

ఇంకా ఘోరం ఏమిటంటే, నది వదిలేసిన దారి అంటే పల్లం. వరద వస్తే నీళ్లు ముందు గుర్తుపట్టేది దాన్నే. అంటే అన్నిటికంటే ముందు మునిగే ఇళ్లను ఏరి మరీ నేను గట్టు మీద పెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏడాది వరద రాలేదు కాబట్టి సరిపోయింది. మర్నాడే మునిగే ఇళ్ల జాబితా సరిచేసి, ముందు పంపింది తప్పని రాసి మరీ పంపాం. అప్పటి నుంచీ రెండు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పటాలు, ఒకదానితో ఒకటి పోట్లాడితే నేను మధ్యస్థం చేయడం మానేశాను. పోట్లాట ఎందుకొచ్చిందో ముందు కనుక్కుంటాను.

"అక్షాంశ రేఖాంశాలు ఉన్నాక ఇంక పోట్లాటేమిటి, అంకెలు అంకెలే కదా" అని చాలామంది అడుగుతారు. చదువుకున్నవాళ్లూ అడుగుతారు. అంకెలు అంకెలే గాని, ఎక్కడి నుంచి కొలిచిన అంకెలు? భూమి నున్నటి బంతి కాదు. ఒక్కో దేశం తన నేలకు బాగా అతికే ఒక లెక్కల గుండ్రాన్ని ఎంచుకుని దాని మీద కొలుచుకుంటూ వచ్చింది. దీన్నే డేటమ్ అంటారు. డేటమ్ మారితే అవే అంకెలు ఇంకో చోటును చూపిస్తాయి. జపాన్ తన పాత డేటమ్‌ను వదిలి 2002లో ప్రపంచమంతా వాడే పద్ధతికి మారింది. టోక్యో దగ్గర ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 450 మీటర్లు. గ్రీన్‌విచ్‌లో సున్నా రేఖాంశం అని నేల మీద ఒక గీత ఉంది, జనం చెరోవైపు ఒక కాలు వేసి ఫొటోలు దిగుతుంటారు. అక్కడ నిలబడి ఫోన్ చూస్తే సున్నా రాదు. జీపీఎస్ సున్నా అక్కడికి 102 మీటర్ల తూర్పున ఉంది. గీత తప్పా, ఫోన్ తప్పా అంటే రెండూ ఒప్పే. పద్ధతులు వేరు.

నేల కూడా ఉన్నచోట ఉండదు. ఆస్ట్రేలియా ఏటా 7 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. 1994 లెక్కల నుంచి 2020 లెక్కలకు మారినప్పుడు అక్కడ ప్రతి బిందువూ దాదాపు 1.8 మీటర్లు జరిగింది. ఎవరూ ఏ ఇంటినీ కదపలేదు.

ఎత్తుల గొడవ మరొకటి. "సముద్ర మట్టానికి ఇంత ఎత్తు" అని రాస్తాం, ఏ సముద్రం అని ఎవరూ అడగరు. జర్మనీకీ స్విట్జర్లాండ్‌కీ మధ్య లౌఫెన్‌బర్గ్ దగ్గర రైన్ నది మీద రెండు వైపుల నుంచీ వంతెన కట్టుకొచ్చారు. ఒక దేశం ఎత్తులను ఉత్తర సముద్రం నుంచి కొలుస్తుంది, రెండోది మధ్యధరా నుంచి. తేడా 27 సెంటీమీటర్లని ఇద్దరికీ ముందే తెలుసు. లెక్కలో కలిపారు కూడా. కాకపోతే కలపాల్సిన వైపు కాక, రెండోవైపు కలిపారు. 2003లో చూసుకుంటే రెండు ఒడ్ల మధ్య 54 సెంటీమీటర్ల తేడా తేలింది. నాకు ఇందులో బాగా నచ్చేది ఏమిటంటే, వాళ్లు తెలియక తప్పు చేయలేదు. తెలిసే చేశారు, ప్లస్‌కి బదులు మైనస్. నేను కొత్తగా చేరినవాళ్లకు చెప్పే మొదటి కథ ఇదే.

ఇక జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు అసలు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, ఆ లెక్కల గుండ్రం నుంచి కొలిచింది. ఈ రెండింటికీ మధ్య తేడా భూమి మీద చోటును బట్టి పైకి 85 మీటర్ల దాకా, కిందికి 106 మీటర్ల దాకా ఉంటుంది. ఆ 106 మీటర్ల పల్లం హిందూ మహాసముద్రంలోనే ఉంది. తేడా తీయకుండా కలిపేస్తే తీరంలో గట్టి నేల మీద నిలబడ్డ మనిషి కూడా నీటి అడుగున ఉన్నట్టు లెక్క వస్తుంది.

మా దగ్గర రోజూ జరిగే తప్పు ఇంకొకటి చెప్పాలి. ఒక ఫైలు వస్తుంది, అది ఏ కొలతల్లో ఉందో చెప్పే చిన్న జత ఫైలు రాదు. సాఫ్ట్‌వేర్ "ఇది ఏ పద్ధతి?" అని అడుగుతుంది. తొందరలో ఉన్నవాళ్లు జాబితాలో పైన ఉన్నది నొక్కేస్తారు. ఇంకొందరు, తమకు కావలసిన పద్ధతి పేరు పెట్టేస్తే ఫైలు ఆ పద్ధతిలోకి మారిపోతుందనుకుంటారు. మారదు. పేరు పెట్టడం వేరు, మార్చడం వేరు. అడుగుల్లో కొలిచిన గుడ్డకు మీటర్ల చీటీ అంటిస్తే గుడ్డ పెరుగుతుందా? ఇంకో ముచ్చట, కొన్ని ఫైళ్లలో అక్షాంశం ముందు, కొన్నిటిలో రేఖాంశం ముందు. తారుమారైతే ఊళ్లకి ఊళ్లు సముద్రంలోకి పోతాయి. చిరునామా దొరకని రికార్డులకు కంప్యూటర్ సున్నా, సున్నా వేస్తుంది. ఆ రెండు సున్నాలూ కలిసే చోటు ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో ఉంది. అక్కడ ఏ దీవీ లేదు గాని, మా వృత్తిలోవాళ్లు దానికి సరదాగా నల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నారు. ప్రపంచంలోని తప్పిపోయిన రికార్డులన్నీ అక్కడే కాపురముంటాయి.

ఈ తప్పులన్నీ కనిపించేవి, నవ్వొచ్చేవి. కనిపించనివే ప్రమాదం. 1:50,000 స్కేలు పటం మీద అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద 25 మీటర్లు. కాగితం మీద ఆ గీత మందం చూస్తే ఎంత నమ్మాలో తెలుస్తుంది. అదే గీతను కంప్యూటర్లో ఎంత దగ్గరికి లాగినా వెంట్రుకలా సన్నగానే కనిపిస్తుంది. ఫలానా ఇల్లు గీతకు అవతల ఉందా, ఇవతల ఉందా అని దాన్ని పట్టుకుని వాదించుకునేవాళ్లను చూశాను. పక్కనే అక్షాంశం చుక్క తర్వాత 8 అంకెలు ఉంటాయి. 8వ అంకె అంటే మిల్లీమీటరు. ఆరుబయట మామూలు ఫోన్ పట్టగలిగేది 5 మీటర్ల వరకే. 2000 మే నెలకు ముందు తీసిన చుక్కలైతే మరీ. అప్పటిదాకా పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది, 100 మీటర్ల దాకా తేడా ఉండేది. ఆ చుక్కలూ ఈ చుక్కలూ తెర మీద ఒకే సైజులో, ఒకే ఎరుపులో మెరుస్తుంటాయి.

మా సెక్షన్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకసారి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, అడవికీ ఊరికీ మధ్య పొడవునా చెరువు ఉంది!" వెళ్లి చూశాను. నిజమే, అడవి అంచునంతా నీలి రంగు దారంలా నీళ్లు, హారం వేసినట్టు. నాకు నవ్వాగలేదు. ఆ లేయర్లో అడవికి 1, నీటికి 2, ఇళ్లున్న చోటుకి 3 అని కోడ్ ఇచ్చి ఉంది. తను రెండు చిత్రాల పిక్సెళ్లను, అంటే చిత్రంలోని చిన్న చిన్న గడులను, ఒకే సైజుకి తెచ్చేటప్పుడు చుట్టుపక్కల విలువల సగటు తీసే పద్ధతి నొక్కింది. అంచు దగ్గర 1కీ 3కీ సగటు 2. అంటే నీళ్లు! ఎత్తులకైతే ఆ పద్ధతి చక్కగా పనికొస్తుంది. 10 మీటర్లకీ 20 మీటర్లకీ మధ్య 15 ఉండొచ్చు. కోడ్‌లకు సగటు ఏమిటి? వాటికి దగ్గరి పిక్సెల్ విలువ ఉన్నదున్నట్టు తీసుకోవాలి. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీది తీయగానే దొరికింది తల్లీ, నాది మూడు వారాలు దొరకలేదు" అని నది కథ చెప్పాను.

పేర్లతో కలిపే పట్టికల బాధ గురించి ఎక్కువ చెప్పను. ఒకే ఊరిని ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. 007 అని ఉన్న కోడ్‌ను ఎక్సెల్ 7 చేసి పెడుతుంది. కలవని వరుసలు ఎర్రర్ ఏమీ చూపించకుండా ఖాళీగా మిగిలిపోతాయి. ఆ ఖాళీలు పటం మీదికొచ్చేసరికి తెల్లగా కనిపిస్తాయి. జబ్బుల పటమైతే అసలు కేసులే లేని చోటూ తెలుపే, లెక్కే అందని చోటూ తెలుపే. చదివేవాళ్లు రెండూ సున్నా అనుకుంటారు.

మీ పటాల దగ్గరికి వస్తాను. వాటి కింద మూలలో "మూలం: ఉపగ్రహ చిత్రం" అని ఉంటుంది. వార్త కింద "మూలం: ఫోన్" అని వేస్తే ఎలా ఉంటుందో, మాకు ఇదీ అలాగే ఉంటుంది. ఏ ఉపగ్రహం, ఏ రోజు తీసిన చిత్రం, ఒక్క పిక్సెల్ నేల మీద ఎంత? 10 మీటర్ల పిక్సెల్‌లో సందు కనిపించదు. వరద తగ్గాక తీసిన చిత్రంలో వరద కనిపించదు. నీళ్లు ఒక చిత్రం నుంచి, హద్దులు ఇంకో చోటి నుంచి, జనాభా మరో లెక్క నుంచి తెచ్చి కలిపినప్పుడు ఒక్క మూలం పేరు వేస్తే మిగతావన్నీ దాని పరువు మీద బతికేస్తాయి. నా నీలి గీత బతికినట్టే.

చోటు చాలదంటారని తెలుసు. పేజీ పెట్టేవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, మా దగ్గరా రాత్రి 9 దాటాకే ప్రింట్లు అడుగుతారు. నేనడిగేది నాలుగు వరుసలు, అదీ చిన్న అక్షరాల్లో. ఒక్కో లేయర్ ఎక్కడిది, ఎప్పటిది, ఎంతవరకు నమ్మొచ్చు, మూలాలు ఒకదానితో ఒకటి పొసగని చోట మీరేం చేశారు. ఆ చివరిది దొరకడం కష్టం, పటం ఇచ్చినవాళ్లను అడిగితే తప్ప రాదు. అడగండి. అడుగుతారని తెలిస్తే మేమూ రాసిపెట్టుకుంటాం. చూపించింది తెలుపు రంగైతే, అది సున్నానా, సమాచారం లేకా అన్నది కూడా వేయండి. లెక్క అందని చోట గళ్లు గీస్తే చాలు.

మాటలు చెప్పడం తేలికే. కాబట్టి నా నది పటం కింద ఆనాడు ఉండాల్సినవి, నేను వేయనివి, ఇక్కడ రాసి పంపుతున్నాను. పనికొస్తుందనుకుంటే మీ పేజీలు పెట్టేవాళ్లకు చూపించండి.

నది గట్టులు: కాగితం పటం, 1:50,000 స్కేలు, సర్వే జరిగి 30 ఏళ్లు దాటింది, ఈలోపు నది జరిగింది.
ఎత్తులు: 2000 ఫిబ్రవరిలో 11 రోజుల పాటు అంతరిక్ష నౌక నుంచి తీసిన రాడార్ కొలతలు, గడి 30 మీటర్లు, చెట్లూ ఇళ్ల కప్పులూ ఎత్తులో కొంత కలిసే ఉన్నాయి.
ఇళ్లు: ఈ ఏడాది గడప గడపకీ నడిచి తీసిన జీపీఎస్ చుక్కలు, 5 మీటర్లు అటూ ఇటూ.
పొసగనివి: 41 ఇళ్లు నది గీత లోపల పడ్డాయి. జరపలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు
(మ్యాపులకు రంగులేసే ఒక ఉద్యోగిని)